పంతొమ్మిది పడవల దురాయి

కొత్త పట్టపుపాళెం,
జూలై 3.

దురాయి! దురాయి!

ఇందుమూలముగా పాళెంలోని యావన్మంది జనానికీ, కుక్కలకూ, కోళ్ళకూ తెలియజేయడమేమనగా: మా పెరటి పుంజు ఆదివారాల్లో ఏడు గంటలు దాటిన తర్వాతనే కూయవలెను. మస్తానమ్మ వండిన పులుసులో ఉప్పు గురించి ఆమె మొగుడు నోరెత్తరాదు. ఎడమ చెప్పు పోగొట్టుకున్నవాడు కుడి చెప్పును కూడా పోగొట్టుకుని రెండు కాళ్ళకూ సమన్యాయం చేయవలెను. బిట్రగుంట ఆండ్రూ కూతురు క్యాథరిన్, ప్రస్తుతం నెల్లూరు నివాసి, ఫోను మోగిన యెడల ఎత్తవలెను. ఎత్తనిచో ఆమెకు ఎవరూ నిప్పు, నీళ్ళు, ఎండు నెత్తళ్ళు ఇవ్వరాదు.

అమ్మణ్ణీ క్యాథరిన్‌కు కామాక్షయ్య చిన్నాయన రాయునది.

మా పాళెం పెద్ద, పెద్దకాపు, పంచాయతీ కూర్చోబెట్టి ఒక మాట ఖాయం చేసి డప్పు వేయిస్తే దాన్ని దురాయి అంటాము. దానికి పాళెంలో ఎదురు లేదు. అట్లాంటి దాన్ని ఎగతాళి చేసినానని తెలిస్తే నన్ను వేటకు కూడా రానివ్వరు. నువ్వు నవ్వుతావేమోనని ఆ తెగువ చేసినాను. నవ్వినావో లేదో రాయి.

తొమ్మిది సార్లు ఫోన్ చేసినాను. మీ నాయన పోయి పదకొండు నెలలు అవుతున్నా నువ్వు ఎవరితోనూ మాట్లాడడం లేదంట. చివరికి మీ అమ్మ ప్రేమలీల ఎత్తింది. "ఏం చెప్పేది అన్నా. కాలేజీ ల్యాబులో పని కాంగానే వస్తాది, వాళ్ళ నాన్న కంప్యూటర్ ముందు కూచుంటాది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటాది. అడిగితే కంపైలర్ తేల్చుకోవాలమ్మా అంటాది" అనింది. "అదేంది, పెండ్లికొడుకా తేల్చుకోవడానికి" అన్నాను. ఆమె నవ్వలేదు. నా మాటకు మీ ఇంట్లో ఒకప్పుడు విలువ ఉండేది.

సునామీ వచ్చిన ఏడు మీ నాయన బట్టల మూటలు మోసుకుంటూ మా పాళేనికి వచ్చినాడు. రైల్వే సిగ్నళ్ళు చూసుకునే మనిషికి మాతో ఏం పని అని అడిగితే, "రైలుకు దారి చెప్పడానికి పట్టాలుండాయి, సిగ్నల్ ఉండాది. మీకు ఎవరుండారు" అన్నాడు. అప్పటి నుంచి ఆయన మాకు పెట్టెలు చేసినాడు, నేను ఆయనకు అబద్ధాలు చెప్పినాను. ఇద్దరమూ ఎవరి పని వాళ్ళం బాగానే చేసినాము.

పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి అర్థమయ్యేటట్టు నీ బాధేందో రాయి. ఫోన్ వద్దనుకుంటే ఉత్తరమే రాయి. మా పోస్టుమ్యాన్‌కు కూడా ఏదో ఒక పని ఉండాల గదా.

కామాక్షయ్య

*

నెల్లూరు,
జూలై 11.

చిన్నాయనకు వందనాలు.

నవ్వాను. చెప్పుల దగ్గర. అమ్మకు చెప్పకండి, ఆశ పెట్టుకుంటుంది.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. నాన్న మీ పడవల్లో బిగించిన పెట్టె ఉంది కదా. పడవ ఎక్కడుందో చూడటం ఒక పని, బ్యాటరీని కనిపెట్టుకోవడం ఒక పని, పడవ మనం పెట్టిన హద్దు గీత దాటి కొట్టుకుపోతుంటే హారన్ మోగించడం ఒక పని. మూడూ ఒకేసారి జరగాలి. ఒక్కో పనిని ఒక త్రెడ్ అంటాం. వాటి మధ్య తగువు రాకుండా చూసేదే నాన్న రాసిన లైబ్రరీ. దాన్ని ఆయన ఓపెన్ సోర్స్‌గా నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, చదవచ్చు, మార్చుకోవచ్చు. ఇప్పుడు దాని బాగోగులు నావి.

మనం రాసినదాన్ని పెట్టెకు అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలర్. దానితో పాటు వచ్చే పనిముట్లన్నీ కలిపితే టూల్‌చైన్. నా ముందు రెండున్నాయి. ఒకటి నాన్న వాడిన పాతది. మీ పడవల్లోని పాత పెట్టెల కోసం తయారు చేయగలిగేది అదొక్కటే. కొత్త కంపైలర్ ఆ పెట్టెలను వదిలేసింది. కానీ కొత్తదానిలో ఒక తనిఖీ ఉంది. రెండు త్రెడ్లు ఒకే చోట ఒకేసారి చేయి పెడుతుంటే పట్టి చూపిస్తుంది. ఆ తనిఖీ పనిచేయాలంటే త్రెడ్లు తగువు పడకుండా నాన్న చేత్తో అల్లిన తాళాలన్నీ తీసేసి లైబ్రరీని కొత్త పద్ధతిలో తిరగరాయాలి. తిరగరాస్తే ఇక పాత కంపైలర్ దాన్ని ముట్టుకోదు. రెండు రకాలుగా రాసి రెంటినీ మోయడం నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

తొందర ఎందుకంటే, పులికాట్ సరస్సు దగ్గర శివశంకర్ అనే ఆయన ఇదే లైబ్రరీతో కొత్త పెట్టె చేసుకుని తమ పడవలో పెట్టుకున్నారు. అది అప్పుడప్పుడు బిగుసుకుపోతోందట. తప్పు లైబ్రరీలో ఉంటే, పాత పనిముట్లతో వెతకడం కళ్ళు మూసుకుని తడుముకోవడమే.

అందుకని ఒక్క ప్రశ్న. నాన్న బిగించిన పెట్టెలు పాళెంలో ఇంకా ఎన్ని పనిచేస్తున్నాయి? ఒక్కటీ లేదంటే రేపే కొత్తదానికి మారిపోతాను. పాత టూల్‌చైన్ మూసేస్తే నాన్న గదికి తాళం వేసినట్టు ఉంటుంది. అయినా వేస్తాను. ఈ ఒక్కదానికి మాత్రం వేళాకోళం లేకుండా జవాబు రాయండి.

క్యాథరిన్

*

కొత్త పట్టపుపాళెం,
జూలై 19.

అమ్మణ్ణీ,

వేళాకోళం వద్దన్నావు, సరే. పంతొమ్మిది పడవలు, పంతొమ్మిది పెట్టెలు. అన్నీ మోగుతున్నాయి.

అంతటితో ఆగలేదు. నీ ఉత్తరం పట్టుకుని పెద్దకాపు దగ్గరికి పోయినాను. ఆదివారం పంచాయతీ కూడింది. ఆండ్రూ కూతురు పాత కంపైలర్ మూసేస్తానంటున్నది, మూసేస్తే ఈ పెట్టెలను బాగుచేసే దిక్కు ఉండదు అని చెప్పినాను. కంపైలర్ అంటే ఏందిరా అన్నాడు ఒక ముసలాయన. అచ్చు అన్నాను. ఇడ్లీకి ఇడ్లీ పాత్ర ఎట్లనో పెట్టెకు అది అట్ల అన్నాను. అందరూ తలలూపినారు.

పెద్దకాపు చుట్ట ఆర్పి, కాసేపు దగ్గి, "ఆండ్రూ మన కులపోడు గాదు, మన దేవుడోడు గాదు. అయినా గాలి తిరిగినప్పుడు మనల్ని పిలిచింది ఆయన పెట్టె. ఇంక మీదట ఆ పెట్టె లేకుండా ఏ పడవా యేటకు పోగూడదు" అన్నాడు.

"పెట్టె చెడిపోతేనో" అన్నాడు ఎవడో వెనక నుంచి.

"ఆయన కూతురు ఉండాది గదరా. ఆ పాప చూసుకుంటాది."

డప్పు వేసినారు. దురాయి పడింది.

కాబట్టి మూయవద్దు. ఈ దురాయి నా పుంజు మీద వేసిన రకం కాదు, పెద్దలు వేసింది. పంతొమ్మిది పడవల మనుషులు నీ మీద ఉన్నారు. ముందు అన్నం తిను.

కామాక్షయ్య

*

నెల్లూరు,
ఆగస్టు 6.

చిన్నాయనకు వందనాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. పెద్దకాపు గారి మాట దగ్గర ఇంకోసారి చదవమంది. చదివాను. ఆ పూట ఇద్దరం కలిసి కూర్చుని తిన్నాం. చాలా నెలల తర్వాత.

నిర్ణయం తీసుకున్నాను. పాత కంపైలర్‌తోనే లైబ్రరీని కొత్తగా విడుదల చేస్తున్నాను. అది నడవాలంటే నాన్న పాత కంప్యూటర్ నడవాలి. దాని ఫ్యాన్ రోజూ మొరాయిస్తుంది, బల్ల మీద అట్ట ముక్క ఎత్తు పెట్టి నడిపిస్తున్నాను. కాలేజీలో ఒక మేడమ్ ఇది చూసి "ఎవరికోసం ఇదంతా" అని అడిగింది. పంతొమ్మిది పడవల కోసం అన్నాను. అలా చెప్పడానికి నాకొక మాట దొరికింది, చిన్నాయనా.

శివశంకర్ గారు మళ్ళీ రాశారు. "అక్కా, పెట్టె పీకేయమంటారా, ఆగమంటారా" అని. నాకన్నా పెద్దవాళ్ళే, అయినా అక్కా అంటారు. ఆగండి అని రాశాను. కృష్ణపట్నం వైపు పంతొమ్మిది పడవల్లో ఇదే లైబ్రరీ ఏళ్ళ తరబడి నడుస్తోంది, తప్పు మీ వైర్లలో ఉండొచ్చు అని కూడా రాశాను.

ఆ మాట నిజమో కాదో మీరే చెప్పాలి. కొత్త తనిఖీ నాకు లేదు కాబట్టి, మీ పడవలే నా తనిఖీ. పంతొమ్మిదింటిలో ఏదైనా, ఎప్పుడైనా, ఒక్కసారైనా బిగుసుకుపోయిందా? ముందున్న చిన్న ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉండాలి. ఆరకుండా నిలబడిపోతే బిగుసుకున్నట్టు. అందరినీ అడిగి రాయండి. ఒక్క పెట్టె బిగుసుకున్నా సరే, పాతదంతా పక్కన పెట్టి లైబ్రరీని మొదటి నుంచి చూస్తాను.

క్యాథరిన్

*

కొత్త పట్టపుపాళెం,
ఆగస్టు 20.

అమ్మణ్ణీ,

అడిగినాను. ఒక్కటీ బిగుసుకోలేదంట. దీపాలు మా అత్తగారి మాదిరి కళ్ళు ఆర్పుతూనే ఉన్నాయి. ఇంక ఆ సంగతి వదిలేయి.

ఈ నెల ఏమీ బాగాలేదు. కట్ట తెగి అలలు మా వీధి చివరి ఇంటి దాకా వస్తున్నాయి. వయసు పిల్లలు పోర్టులో కాపలా పనికీ, కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే పనికీ పోతున్నారు. కంపెనీ బస్సు పొద్దున్నే వస్తుంది, సాయంత్రం తెచ్చి దించుతుంది. వలలు నేర్చినవాడు బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడు. మొన్న వాళ్ళలో ఒకడికి సెల్యూట్ కొట్టి, నేను సముద్రపు కొంగల లెక్కల అధికారిని, లోపలికి వదలండి అన్నాను. వదిలినాడు. లోపల నాకు చూడడానికి ఏమీ లేదు, తిరిగి వచ్చేసినాను.

మీ నాయన ఉంటే ఇది చెప్పుకుని నవ్వేవాణ్ణి. ఇప్పుడు మీ మస్తానమ్మ పిన్నికి చెప్తే, "నీకు యాభై దగ్గర పడతా ఉండాది, ఇంకా ఎన్నాళ్ళు ఈ యేషాలు" అంటుంది.

ఈ ఉత్తరం కూడా ఆమెకు చదివి వినిపించినాను. అంతా విని, "ఇంతేనా రాసింది" అనింది. ఇంతే అన్నాను. లేచి లోపలికి పోయింది.

కింద రెండు వరుసలు కొట్టేసినాను. సిరా ఒలికిందనుకో.

కామాక్షయ్య

*

నెల్లూరు,
నవంబర్ 24.

చిన్నాయనకు,

శివశంకర్ గారి తమ్ముడు గణేష్ చనిపోయారు.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం. ముసురు. అన్నదమ్ములిద్దరూ వల వేసి, ఇంజిన్ ఆపి, పట్ట కప్పుకుని కూర్చున్నారు. ఒడ్డు కనబడటం లేదు. పడవ జరిగితే పెట్టె కూస్తుందని నమ్మకం. పడవ జరిగింది. సరస్సు సముద్రంలో కలిసే చోటుకు కొట్టుకుపోయింది. పెట్టె కూయలేదు. అలలు తెలిసేసరికి పడవ తిరగబడింది. శివశంకర్ గారు ఈదుకుంటూ బయటపడ్డారు. గణేష్ మూడో రోజు దొరికారు. ఆయనకు ముప్పై రెండేళ్ళు. భార్య ఉంది.

ఆ కబురు వచ్చిన మరునాడు నేను కొత్త టూల్‌చైన్ ఎక్కించాను. నాన్న తాళాలు తీసేసి తిరగరాశాను. నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు తనిఖీ నడిపితే అరగంటలో చూపించింది.

అది ఏమిటో మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒక త్రెడ్ పని లేనప్పుడు నిద్రపోతుంది, పని రాగానే రెండోది దాన్ని లేపుతుంది. సరిగ్గా అది కళ్ళు మూయబోయే క్షణంలోనే రెండోది పిలిస్తే, ఆ పిలుపు దానికి అందదు. పిలిచానని రెండోది ఊరుకుంటుంది. పిలవలేదని మొదటిది పడుకునే ఉంటుంది. లక్షసార్లలో ఒకసారి జరుగుతుంది. నాన్న అది చూసుకోలేదు. నేను చూడగలిగి కూడా చూడలేదు. ఆగండి అని రాసింది నేను.

రోజూ శివశంకర్ గారికి మెసేజ్ పెడుతున్నాను. ఆయన చదువుతున్నారు, జవాబివ్వడం లేదు.

ఇప్పుడు మీ పాళెం సంగతి. ఆ తప్పు మీ పంతొమ్మిది పెట్టెల్లోనూ ఉంది. ఇన్నాళ్ళూ బయటపడకపోవడం అదృష్టం. ఎవరూ ఆ పెట్టెను నమ్ముకుని వేటకు పోకూడదు. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. మూడోసారి మస్తానమ్మ పిన్ని ఎత్తి "పడవలు పోవడం లేదులే తల్లీ" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

దురాయి ఉంది కాబట్టి మీవాళ్ళు పెట్టె తీయడానికి భయపడతారు. ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరి వస్తాను. పెద్దకాపు గారి ముందు నిలబడి, తప్పు మా ఇంటిదని ఒప్పుకుని, దురాయి ఎత్తేయమని అడుగుతాను. ఎలా నిలబడాలో, ఏమని మొదలుపెట్టాలో మీరు చెప్పండి.

క్యాథరిన్

*

కొత్త పట్టపుపాళెం,
నవంబర్ 28.

క్యాథరిన్‌కు,

ఆదివారం రావద్దు. పడవల గురించి భయపడవద్దు. ఎందుకో చివర రాస్తాను. ముందే రాస్తే మిగిలినది నువ్వు చదవవు.

నీ ఉత్తరం అందిన మరునాడు పులికాట్ పోయినాను. నెల్లూరులో బస్సు మారినాను. మీ వీధికి ఆటోలో పది నిమిషాలు. రాలేదు. సూళ్ళూరుపేటలో దిగి అడుక్కుంటూ పోతే ఇల్లు దొరికింది. వాకిట్లో తాటాకు చాప మీద శివశంకర్ కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ గట్టు రాళ్ళకు చీరుకుపోయి ఇంకా మానలేదు.

"ఎవురన్నా మీరు" అన్నాడు.

"కృష్ణపట్నం వైపు. క్యాథరిన్ వాళ్ళ నాయన స్నేహితుణ్ణి."

"పంతొమ్మిది పడవల ఊరా?"

తల ఊపినాను. అలవాటు.

ఆయన జరిగి నాకు చాప మీద చోటిచ్చినాడు. "గణేష్ పీకేద్దామనే అన్నాడన్నా ఆ పెట్టెని. నేనే పడనీలా. వాళ్ళకు పంతొమ్మిదింట్లో ఆడతా ఉండాదంట, మనకెందుకు ఆడదు, మన వైరే సరిగా లేదు అన్నా. వైరు మార్చినా. నాలుగు తూర్లు మార్చినా" అన్నాడు.

అప్పుడు చెప్పినాను, ఇప్పుడు నీకు చెప్పబోయేదంతా. అయిపోయినాక, "ఆ అక్కకు తెలుసునా" అన్నాడు. తెలియదన్నాను. "తప్పు నాదే, తప్పు నాదే అని రోజూ పెడతా ఉండాది. నాకేం రాయాలో తెలియక ఊరుకున్నా. ముందు పోయి ఆమెకు చెప్పు" అన్నాడు.

లోపలి నుంచి గణేష్ భార్య తలుపు దగ్గరికి వచ్చి, "ఎవురు బావా" అని అడిగింది.

"ఎవురో. దారి తప్పి వొచ్చినారు" అన్నాడు ఆయన.

లేచి వచ్చేసినాను.

మా పాళెంలో ఇప్పుడున్నవి పదకొండు పడవలు. మీ నాయన బిగించినప్పుడు పంతొమ్మిది ఉండేవి, అంత మటుకు నిజం. ఉప్పుగాలికి పెట్టెలు ఒక్కొక్కటీ పోయినాయి. బాగుచేయడానికి ఆయన వస్తూనే ఉన్నాడు, ఓపిక తగ్గేదాకా. ఆఖరిది నా పడవలోది. ఆయన పోయేముందు ఎండాకాలంలో అదీ ఆగిపోయింది. నువ్వు జూలైలో అడిగేనాటికి పాళెంలో ఒక్క పెట్టె కూడా లేదు. ఆకుపచ్చ దీపం ఒక్కటీ లేదు. అందరినీ అడిగినాను అని రాసినాను గదా, ఎవరినీ అడగలేదు.

నాన్న గదికి తాళం వేసినట్టు అని రాసినావు. ఆ మాట చదివినాక ఒక్కటీ లేదు అని రాయడానికి నాకు చేయి రాలేదు. నీ కోసం ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిస్తే నువ్వు అన్నం తింటావని తోచింది. తిన్నావు కూడా. నలభై ఏళ్ళుగా జనాన్ని బోల్తా కొట్టిస్తున్నాను, ఎవడికీ చీమ కుట్టినంత నొప్పి కలగలేదని నా పొగరు. నువ్వు నా మాటను తూకపు రాయి చేసుకుని పనిచేస్తావని, ఆ రాయి పట్టుకుని ఇంకో ఊళ్ళో ఇంకొకడు సరస్సులోకి పోతాడని నాకు తట్టలేదు. ఆగస్టులో నువ్వు రెండోసారి అడిగినప్పుడు తట్టింది. అప్పుడు రాసిన రెండు వరుసలే కొట్టేసినాను.

లైబ్రరీలో తప్పు మీ నాయనది. అది బయటపడకుండా అడ్డం నిలబడింది నేను. నువ్వు మొదటి ఉత్తరంలోనే సరైన దారి రాసినావు, ఒక్కటీ లేదంటే రేపే మారిపోతానని. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. శివశంకర్‌కు చూపించాలంటే అడుగు, పంపుతాను. ఇక నాకు రాయాలో వద్దో నీ ఇష్టం.

పెద్దకాపు ముందు నిలబడి ఏమని మొదలుపెట్టాలని అడిగినావు. ఆయనకు నీ పేరు కూడా తెలియదు. ఆ ఆదివారం పంచాయతీ కూడలేదు. ఆయన దగ్గనూ లేదు, చుట్ట ఆర్పనూ లేదు, ఆ పాప చూసుకుంటాది అని ఎవరూ అనలేదు. డప్పు మోగలేదు. ఎత్తేయడానికి దురాయే లేదు, అమ్మణ్ణీ. అది మొదటి మాట నుంచి చివరి మాట దాకా నేను కల్పించింది.

కామాక్షయ్య